ఏ హోటల్లో ఆయన ఎంత తిన్నారు

మెల్‌బోర్న్ శివారు పాయింట్ కుక్‌లో మా అమ్మాయి స్నేహితులు వారాంతంలో ఆ సముద్రం ఒడ్డు ఊరికి వెళ్లే ముందు నాకు ఫోన్ చేస్తుంటారు. "ఆంటీ, మీరు సిక్స్ వీక్స్ ఉన్నారట కదా, తినడానికి ఏ ప్లేస్ బెస్ట్?" అని అడుగుతారు. చెప్తాను. చెప్పాక వాళ్లు కాస్త తికమకపడతారు. పడవల రేవు దగ్గరి చేపల కొట్టు గురించి అడిగితే "నాలుగు బంగాళాదుంప ముక్కలు, వేలెడంత చేప" అంటాను. మూలమీది పిజ్జా హోటల్ అంటే "ఏమీ లేదు, కూర్చోకుండానే లేచారు" అంటాను. ఏ హోటల్లో ఏది రుచిగా ఉంటుందో నాకు సరిగా తెలియదు. ఏ హోటల్లో ఆయన ఎంత తిన్నారో మాత్రం తెలుసు.

ఆయనంటే మా వారు. హైస్కూల్లో డ్రిల్లు మాస్టారుగా చేసి రిటైరయ్యారు. నేను ట్రెజరీ ఆఫీసులో పనిచేశాను. ఇద్దరం అమ్మాయి దగ్గరికి వచ్చేసి పదకొండేళ్లు. పోయిన చలికాలంలో ఆయన పేగులో గడ్డ ఉందని తేలింది. ముందు మందులతో దాన్ని చిన్నది చేసి, తర్వాత కోసి తీసేస్తామన్నారు. మందులు గడ్డను తగ్గించాయి. దానితోపాటు మనిషినీ తగ్గించాయి. డెబ్భై రెండు కిలోల మనిషి యాభై నాలుగున్నరకు వచ్చారు. ఆస్పత్రి తక్కెడ మీద ఆ అంకె చూసి సర్జన్ తల అడ్డంగా ఊపాడు. ఈ ఒంటికి ఆపరేషన్ తట్టుకునే శక్తి లేదు, యాభై ఎనిమిదికి తీసుకురండి అన్నాడు. గడువు ఆరు వారాలు. అంతకుమించి బాగా ఆలస్యమైతే గడ్డ మళ్లీ పెరగవచ్చు.

మూడున్నర కిలోలు, ఆరు వారాలు. అంటే వారానికి ఐదు వందల ఎనభై మూడు గ్రాములు. కారు ఆస్పత్రి గేటు దాటకముందే లెక్క వేశాను.

చిక్కు ఎక్కడంటే వంటింట్లో. ఇక్కడి కొత్త ఇళ్లలో వంటింటికి గోడ ఉండదు. పొయ్యి మీద ఆవాలు చిటపటమంటే ఆ వాసన మేడ మీద పడకగది దాకా పోతుంది. వాసన తగలగానే ఆయన బాత్రూములోకి పరుగెత్తేవారు. వండితే వాంతి. వండకపోతే తిండి లేదు. అమ్మాయి, అల్లుడు పొద్దున ఆరున్నరకే కారు తీస్తే మళ్లీ చీకటి పడ్డాకే ఇంటికి రావడం. ఆ పెద్ద ఇంట్లో ఆయన ముందు గదిలోంచి వెనక గదిలోకి, వెనక గదిలోంచి ముందు గదిలోకి తిరుగుతూనే ఉండేవారు. ఆయన వెనకాల గ్లాసు పట్టుకుని నేను.

అప్పుడే అమ్మాయి ఆఫీసు స్నేహితురాలు తన ఫ్లాటు తాళం ఇచ్చింది. మెల్‌బోర్న్‌కి అవతలి పక్క, సముద్రం ఒడ్డున. వాళ్లు గ్రీకులు. ఆరు వారాలు వాళ్ల దేశం వెళ్తున్నారు, ఇల్లు ఖాళీ. అక్కడ పొయ్యి వెలిగించవద్దు, ఎక్కడ ముద్ద దిగితే అక్కడ తినండి అని అమ్మాయి తీర్మానించింది. అల్లుడు మమ్మల్ని దింపాడు. నేను ఇంట్లోని బరువు చూసే యంత్రాన్ని కూడా పట్టుకెళ్లాను. అది ఆస్పత్రి తక్కెడ కంటే నాలుగు వందల గ్రాములు ఎక్కువ చూపిస్తుంది. రెండింటి మీదా ఒకే రోజు, ఒకే బట్టలతో ఎక్కించి తేల్చుకున్న సంగతి అది. కాబట్టి రోజూ పొద్దున నాలుగు వందలు తీసేసి లెక్క చూసుకునేదాన్ని.

ఆ ఊరికి ఒకటే పెద్ద వీధి. ఒక కొసన రేవు, ఇంకో కొసన గ్రీకుల చర్చి. మధ్యలో వరసగా కాఫీ కొట్లు, చేపల కొట్లు, మిఠాయి కొట్లు, భోజనాల హోటళ్లు. సముద్రం దాటి వచ్చినవాళ్లు మళ్లీ సముద్రం పక్కనే తమ ఊరిని కట్టుకున్నట్టుంటుంది. ముసలివాళ్లు కొట్ల ముందు కుర్చీలేసుకుని చేతులు తిప్పుతూ గట్టిగా మాట్లాడుకుంటారు. పోట్లాడుకుంటున్నారేమో అనుకున్నాను. వాతావరణం గురించట.

మొదటిరోజు రేవు దగ్గరి చేపల కొట్టుకు వెళ్లాం. అద్దాల పెట్టెలో పిండి పూసి వేయించిన చేప ముక్కలున్నాయి. ఏం చేప అని కౌంటర్లో మనిషిని అడిగితే "ఫ్లేక్" అన్నాడు. ఫ్లేక్ అంటే ఏమిటని అడిగాను. షార్క్ అన్నాడు.

"సొరచేపండీ," అని ఆయనకు చెప్పాను.

"సొరపిట్టు బాలింతలకు కదా పెడతారు," అన్నారాయన. "ఈ వయసులో నన్ను బాలింతను చేశావా?"

"పాలు పడక్కర్లేదు, బరువు పడితే చాలు. తినండి."

నవ్వారు. నవ్వాక ఆ నాలుగు బంగాళాదుంప ముక్కలు, వేలెడంత చేప తిన్నారు. లేచి వెళ్లి రేవు మీద గాలాలు వేసేవాళ్లను చూసి వచ్చారు. వచ్చి ప్లేటు నా వైపు జరిపి, "ఇంక నువ్వు తిను," అన్నారు.

ఒక్క ప్లేటే తెప్పించడం మా అలవాటు. దాని వెనక ఆచారం, భక్తి లాంటివేమీ లేవు. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో పొద్దున ఎనిమిదీ నలభై బస్సు అందుకోవాలి. ఆయన తిన్న కంచంలోనే నేనూ నాలుగు ముద్దలు తినేస్తే ఒక కంచం కడగడం తప్పేది, పది నిమిషాలు కలిసొచ్చేవి. ఆయన నా వాటా ఒక పక్కకు జరిపి ఉంచేవారు. రిటైరయ్యాక బస్సు లేదు, తొందర లేదు, అలవాటు మాత్రం ఉండిపోయింది. ఈ దేశంలో ఒక్కో ప్లేటూ ఇద్దరికి సరిపోయేంత ఉంటుంది కాబట్టి అది ఇంకా బలపడింది.

ఆ మొదటి రెండు వారాలు మేం ఒక చోట కుదురుగా కూర్చున్నది లేదు. ఒక హోటల్లో ఉల్లిపాయ వాసన. ఇంకోదాంట్లో పాటలు. మరోదాంట్లో అంతా బాగానే ఉండేది, ప్లేటు వచ్చేసరికి ఆయన లేచి రేవు వైపు వెళ్లిపోయి ఉండేవారు. కాఫీ ఇనుము నాకినట్టుందన్నారు. గ్రీకుల కాఫీ చిన్న కప్పులో వస్తుంది, అడుగున సగం మడ్డి. అది తాగి మొహం చిట్లించారు. గ్లాసులో నురగ పొంగేలా గిలకొట్టి, పాలు, పంచదార, ఐసుముక్కలు వేసి ఇచ్చే చల్లటి కాఫీ ఒక్కటి దిగింది. చల్లటిదానికి వాసన తక్కువ, అందుకేనేమో. మిఠాయి కొట్లో పాలమీగడ లాంటిది పల్చటి పొరల మధ్య పెట్టి పాకం పోసి ఇస్తారు. పూతరేకులో కోవా పెట్టి పాకంలో ముంచినట్టుంటుంది. రెండు చెంచాలు తిని బాగుందన్నారు. మిగతాది నా వైపు జరిపారు.

రెండు వారాలకు పెరిగింది ఆరు వందల గ్రాములు. పెరగాల్సింది ఒక కిలో నూట అరవై ఆరు.

శుక్రవారం సాయంత్రం అమ్మాయి వచ్చింది. ముగ్గురం హోటల్లో కూర్చున్నాం. ఆయన ఫోర్కుతో అన్నాన్ని అటూ ఇటూ తోస్తున్నారు.

"అమ్మా, నువ్వలా ప్లేట్ వైపు స్టేర్ చేస్తుంటే నాన్నెలా తింటారు? సీసీ కెమెరాలా ఉంది నీ ఫేసు. కొంచెం రిలాక్స్ అవ్వు."

"నేను రిలాక్స్ అయితే గ్రాములొస్తాయా?"

"డైటీషియన్ కాల్ చేసింది. నెక్స్ట్ వీక్ కూడా ఇలాగే ఉంటే ముక్కులోంచి ట్యూబ్ వేసి ఫీడ్ చేద్దామంటోంది."

"ముక్కుతో తినడానికి నేనేమన్నా ఏనుగునా?" అన్నారాయన. అని, లేచి బయటికి వెళ్లారు.

అమ్మాయి కళ్లు తుడుచుకుంది. నేను ఆయన వదిలేసిన అన్నం తిన్నాను. పారేయడం ఎందుకని.

మూడో వారం మంగళవారం మధ్యాహ్నం చర్చి పక్క సందులో ఇంకో హోటల్ కనిపించింది. ఆరు బల్లలు. నడిపేది నా వయసావిడ, నల్ల బట్టలు, మోచేతుల దాకా పిండి. ఆమె ఇంగ్లీషు నా ఇంగ్లీషు లాంటిదే, అందుకని ఇద్దరికీ ఒకరిది ఒకరికి సుఖంగా అర్థమయింది.

"వన్ ప్లేట్," అన్నాను.

"టూ పీపుల్," అంది రెండు వేళ్లు చూపించి.

"వీ షేర్."

"షేర్! గుడ్, గుడ్," అని లోపలికి వెళ్లిపోయింది.

మేం ఏం కావాలో చెప్పనే లేదు. పది నిమిషాలకు ఐదు చిన్న ప్లేట్లు తెచ్చి బల్ల మధ్యలో పెట్టింది. నెత్తళ్లలాంటి చిన్న చేపలు తలలతో సహా కరకరలాడేట్టు వేయించినవి, ఉడికించి నూనె, నిమ్మరసం పోసిన ఆకుకూర, వెల్లుల్లి వేసిన పెరుగుపచ్చడి, రొట్టె, ఇంకా పలచగా కాచి గుడ్డు, నిమ్మరసం కలిపిన అన్నపు చారు. మా ఇద్దరి ముందూ చెరొక ఖాళీ సాసరు. కంచమంటూ ఎవరికీ లేదు. అక్కడ అలాగే తింటారట, మధ్యలోంచి ఎవరికి కావలసింది వాళ్లు తీసుకుంటూ.

ఆయన సాసర్లో నాలుగు చేపలు వేసి చేతులు కట్టుకుని కూర్చున్నాను. ఆవిడ నా ఖాళీ సాసరు చూసి ఆగింది.

"యూ. నో లైక్?"

"లైక్, లైక్. ఆఫ్టర్."

"ఆఫ్టర్ కోల్డ్!" అని నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది. నేను ఒక చేప తీసుకుని కొరికేదాకా కదల్లేదు.

తప్పక తినడం మొదలుపెట్టాను. ఆయనా తింటున్నారు. నేను రొట్టె తుంచితే ఆయనా తుంచారు. "మన నెత్తళ్లకేం తీసిపోలేదు," అన్నారు. చారు సగం తాగారు. అంతసేపూ కుర్చీలోంచి లేవలేదు. చేపల తలలు తినేస్తున్నారు కాబట్టి నేను తోకలు లెక్కపెట్టాను. ఆయన సాసర్లో పద్నాలుగు, నాదాంట్లో ఆరు.

మర్నాడు పొద్దున రెండు వందల గ్రాములు ఎక్కువ చూపించింది.

చేపల గొప్పేనా, ఇంకేదైనా ఉందా అని తేల్చుకోవాలనిపించింది. బుధవారం ఇంకో చోటికి తీసుకెళ్లి, అవే చేపలు ఒక ప్లేటు చెప్పాను. ఐదు తిని నా వైపు జరిపారు. గురువారం మళ్లీ ఆవిడ దగ్గరికి. ఇద్దరం తిన్నాం, ఆయన బాగా తిన్నారు. శుక్రవారం అక్కడే కూర్చుని, ఆవిడ లోపల ఉన్నప్పుడు కడుపు బాగాలేదని చెప్పి నేను ఏమీ ముట్టుకోలేదు. ఆయన కూడా చటుక్కున ఆపేశారు.

బయటికొచ్చి సముద్రం ముందు బెంచీ మీద కూర్చున్నాక అడిగాను.

"మీరు నా కోసం ఆపేస్తున్నారా?"

"ఒక్క ప్లేటు చెప్తావు. అంతా నేనే తింటే నువ్వేం తింటావు?"

"ఇంకోటి తెప్పించుకుంటాను."

"ఎప్పుడైనా తెప్పించుకున్నావా?"

లేదు.

"ఇన్నేళ్లూ అలాగే తిన్నాం కదండీ."

"ఇన్నేళ్లూ కంచం నిండా ఉండేది. నీ వాటా తీసి పెట్టినా నాకు మిగిలేది. ఇప్పుడు ప్లేటు చూస్తేనే భయమేస్తుంది. నాకు పట్టేది ఎంతో నాకే తెలియదు. ఎంత తిన్నా నీ వాటా తినేస్తున్నానేమో అనిపిస్తుంది." చెప్పు తీసి ఇసుక దులుపుకున్నారు. "పిడికెడు తినగలిగేవాడు అందులో సగం తీసి పెడితే ఎంత తిన్నట్టు? ట్రెజరీదానివి, నువ్వే చెప్పు."

ఆ రోజు నుంచి ఎక్కడికెళ్లినా అన్నీ మధ్యలో పెట్టించి, ఆయనతోపాటే తినడం మొదలుపెట్టాను. వినడానికి ఇది తేలిక. నాకు మాత్రం చాలా కష్టమైంది. బస్సు కోసం తిన్న తిండి నాది. ఏడు నిమిషాల్లో అయిపోతుంది. నా చెయ్యి ఆగితే ఆయన చెయ్యీ ఆగుతుంది. అందుకని ఒక చిన్న చేపను పావుగంట తినాలి. రొట్టెను గోరంత ముక్కలు చెయ్యాలి. ఫోర్కును గాల్లో పట్టుకుని మాటలు చెప్పాలి. ఎదురుగా కూర్చుని తింటుంటే కాలు ఊపకుండా ఉండలేకపోయేదాన్ని. ఇన్నేళ్ల కాపురంలో ఆయన నమిలేటప్పుడు కణత మీద నరం కదులుతుందని నాకు తెలియదు.

చల్లటి కాఫీ రెండు గ్లాసులు. పాకం మిఠాయి రెండు ముక్కలు. నల్ల బట్టలావిడ దగ్గర వారానికి నాలుగు మధ్యాహ్నాలు. ఆమె బొగ్గుల మీద కాల్చిన ఆక్టోపస్ కూడా పెట్టింది. ఆయన తిన్నారు. నేను కళ్లు మూసుకుని మింగాను. ట్యూబు మాట ఎవరూ ఎత్తలేదు. నాలుగో వారం చివరికి యాభై ఆరు, ఐదో వారానికి యాభై ఆరు ఎనిమిది వందలు. వేగం చాలదు. మిగిలిన వారంలో అది యాభై ఎనిమిది కాదని నాకు కనిపిస్తూనే ఉంది. ఆయనకీ కనిపించింది. భోజనం మధ్యలో లేవడం మానేశారు గానీ, భోజనం కాగానే రేవుకు పోయి గాలాలవాళ్ల దగ్గర నిలబడేవారు.

ఆరు వారాలు నిండిన రోజు పొద్దున మా యంత్రం మీద యాభై ఏడు ఆరు వందలు. అసలు లెక్క యాభై ఏడు రెండు వందలు. ఎనిమిది వందల గ్రాములు తక్కువ. ఎండ మండిపోతుంటే ఆయన మందపాటి ప్యాంటు వేసుకున్నారు. ఆస్పత్రి చలిగా ఉంటుందన్నారు.

ఆస్పత్రి తక్కెడ యాభై ఎనిమిది వంద చూపించింది. నర్సు "వండర్‌ఫుల్!" అంది. అమ్మాయి ఆమె భుజం పట్టుకుని ఎగిరినంత పనిచేసింది. నేను కూర్చున్నచోటనే ఉండిపోయాను. పొద్దున ఆయన తిన్న రొట్టె, తాగిన కాఫీ కలిపి మూడు వందల గ్రాములు. ఇంకా ఆరు వందలు ఎక్కడివి?

"జేబుల్లో ఏముందండీ?" అన్నాను.

"ఊరుకో. వాళ్లకి తెలుగు రాదు."

"ఏముంది?"

"గాలానికి కట్టే సీసం గుళ్లు. రేవు దగ్గర కొట్లో కొన్నాను." గొంతు తగ్గించారు. "చిన్న తేడాయే కదా. ఇంక ఆగలేనే. ఆ గడ్డ లోపల పెట్టుకుని తిని, నడిచి, మళ్లీ తిని... కోసి అవతల పారేయమను. ఇవాళ డేటు ఇస్తారు. ఊరుకో."

నర్సు అంకె రాయడానికి పెన్ను తీసింది. ఊరుకుంటే డేటు వస్తుంది. ఆయన ఆపరేషన్ బల్ల మీద పడుకుంటారు. అప్పుడు ఆ ఒంట్లో ఉండాల్సిన బలం ఉండదు, ఆ అంకెలో సీసం ఉన్న సంగతి సర్జన్‌కు తెలియదు.

"సిస్టర్," అన్నాను. "చెక్ హిస్ పాకెట్స్."

ఆయన ఒక్కొక్కటే తీసి బల్ల మీద పెట్టారు. నర్సు మొహం చూడలేక అమ్మాయి కిటికీ వైపు తిరిగింది. గుళ్లు లేకుండా యాభై ఏడున్నర. సర్జన్ వచ్చి, ఒక గుండును అరచేతిలో దొర్లించి చూసి, నవ్వకుండా ఉండటానికి చాలా ప్రయత్నించాడు. ఆ తర్వాత రక్త పరీక్ష కాగితాలు చూశాడు. నవ్వు పోయింది. స్కానింగులో గడ్డ పెరగలేదు, ఇంకో రెండు వారాలు ఆగుదాం, ఇవాళ డేటు ఇచ్చి ఉంటే నేను చాలా ఇబ్బందుల్లో పడేవాణ్ణి అన్నాడు.

ఆ రెండు వారాల్లో ఆయన నిజంగానే యాభై ఎనిమిది దాటారు, తర్వాత ఆపరేషనూ అయింది. కానీ ఆ సంగతి ఆ మధ్యాహ్నం కార్లో ఉన్న మా ముగ్గురికీ తెలియదు.

అమ్మాయి నడుపుతోంది. ఆయన ముందు సీట్లో, నేను వెనక.

"నీకు లెక్క ముఖ్యం," అన్నారాయన అద్దంలోంచి కూడా నా వైపు చూడకుండా. "మనిషి కాదు."

నేను ఆస్పత్రి కాగితాలు సంచిలో సర్దాను.

"చిన్న తేడాకి ఇంత రభసా? ఎవరైనా చేస్తారా?"

"నాన్నా, ప్లీజ్," అంది అమ్మాయి.

"నువ్వు మాట్లాడకు. నువ్వూ దాని కూతురివే."

వంతెన దాటాం. పాయింట్ కుక్ వైపు లారీల వరస మొదలైంది.

"ఎక్కడైనా ఆపు," అన్నారు ఉన్నట్టుండి.

"వాంతా?" అంది అమ్మాయి కంగారుగా పక్క లేన్‌లోకి తిప్పుతూ.

"కాదు. ఆకలేస్తోంది."

చలికాలం నుంచీ ఆయన నోట ఆ మాట రాలేదు. అమ్మాయి అద్దంలో నా కళ్లలోకి చూసింది. నేను వేలు పెదవుల మీద పెట్టుకున్నాను.

పెట్రోలు బంకు పక్కన చిన్న కొట్టు. వేడి పెట్టెలో పైలు, అంటే మాంసం కూరిన పెద్ద కజ్జికాయల్లాంటివి తప్ప ఏమీ లేవు. అమ్మాయి పెట్రోలు పోసుకుంటుంటే ఆయనే వెళ్లి తెచ్చారు. ఒకటి నా ముందు పెట్టారు, ఒకటి తన ముందు. నాతో మాట్లాడకుండా, కోపంగా, పెద్ద పెద్ద ముక్కలు కొరికి తిన్నారు. చొక్కా నిండా పొట్టు రాలుతోంది. నేనూ ఎదురుగా కూర్చుని తిన్నాను. లోపలి పులుసు మరుగుతోంది, నాలుక కాలింది. అయినా ఆపలేదు.

"నీది అయిందా?" అన్నారు.

"ఇంకా ఉంది."

"తొందరగా కానీ. ఇంకోటి తెచ్చుకుంటున్నాను, నువ్వు ఖాళీగా కూర్చుంటే నాకు దిగదు."

ఆయన కౌంటర్ దగ్గర నిలబడి ఉండగా, నేను మిగిలిన అంచును గోరంత ముక్కలుగా తుంచుతూ కూర్చున్నాను.